రెండు యుల భూపేష్

ఏప్రిల్ 7, సోమవారం

ఈ డైరీ ఎరువుల కంపెనీ వాళ్లు ఊరికే ఇచ్చింది. అట్ట మీద వేరుశనగ చెట్టు బొమ్మ. ఇంతకాలం మా అమ్మ దీన్ని ఊరగాయ జాడీ మూత మీద బరువుకు వాడుకుంది. ఇవాళ్టి నుంచి దీనికి మంచి రోజులు, నాకూ మంచి రోజులు.

కడపలో సంఖ్యాశాస్త్రం చెప్పే హనుమేష్ గారి ఆజ్ఞ ఏమిటంటే, రోజూ పొద్దున స్నానం చేసి, ఆకుపచ్చ సిరాతో నా కొత్త పేరును పేజీ నిండా ఇంగ్లీషులో రాయాలి. ఎవరికీ చూపించకూడదు. ఒక పేజీ రాశాను, చెయ్యి లాగింది. ఎదుటి పేజీ ఖాళీగా కనబడుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను.

నిన్న ఏడు రోడ్ల దగ్గర ఆయన ఆఫీసులో కూర్చున్నాక తెలిసింది. ఇన్నేళ్లుగా నేను పార్టీలో జెండాలు మోస్తూ ఉండిపోవడానికి కారణం నాయకులు కాదు, కులం కాదు, నా నోరు అంతకన్నా కాదు. ఒక్క అక్షరం. నా పేరులో బి, హెచ్ తర్వాత యు ఒకటే ఉంది. పక్కన ఇంకొక యు పెడితే రాజయోగం. హనుమేష్ గారు ఇంతకుముందు ఇన్సూరెన్సు ఏజెంటు. అప్పట్లో చావు గురించి చెప్పి భయపెట్టేవారు, ఇప్పుడు బతుకు గురించి చెప్పి భయపెడుతున్నారు. మనిషి ఎదిగాడు.

చిక్కల్లా ఒకటే. రాజయోగం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. తెలుగులో ఎన్ని యులు పెట్టినా భూపేష్ భూపేష్‌గానే ఉంటాడు. 'భూఊపేష్' అని రాసి చూశాను. గండికోట లోయకు అవతలి గట్టు నుంచి ఎవరో నన్ను పిలుస్తున్నట్టు ఉంది. కొట్టేశాను.

"పాత పేరు మీ ఇంట్లో గాని, అంగట్లో గాని యాడా మిగలగూడదు" అన్నారు. అందుకని ఇవాళ ఫ్లెక్సీల పని పక్కన పెట్టి అదే పని మీద కూర్చున్నాను. షాపు బోర్డు మీద ఇంగ్లీషులో ఉన్న 'భూపేష్ డిజిటల్స్'లో సందు లేకపోయినా రెండో యును ఇరికించాం. బస్సులో ముగ్గురి సీట్లో నాలుగోవాడిలా ఉంది. విజిటింగ్ కార్డు, వాట్సాప్, స్కూటీ, అన్నీ అయ్యాయి. ఆఖరికి కంప్యూటర్‌ను కూడా వదల్లేదు. డి డ్రైవ్‌లో నా పేరుతో పెద్ద ఫోల్డర్ ఒకటి ఉంటే దానికీ ఒక యు తగిలించాను. మారు మాట్లాడకుండా మారింది. ఇంట్లో వాళ్లకంటే నయం.

సాయంత్రం మా ఆవిడ తనూజ వచ్చి బోర్డు చూసి, "ఏమప్పా, స్పెల్లింగ్ తప్పు పడిండాదే" అంది. ఆమె జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతుంది. కడప యూనివర్సిటీలో పీహెచ్‌డీ. ఈ నెలాఖరుకు థీసిస్ ఇచ్చేస్తే, ఇంకొన్నాళ్లకు ఆమె పేరు ముందు డాక్టర్ అని పడుతుంది.

నేను పేరు మార్చుకోవడానికీ, దానికీ ఏ సంబంధమూ లేదు. ఆకుపచ్చ సిరాతో రాస్తున్నాను. ఏ సంబంధమూ లేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

తనూజ సిస్టమ్ లేవలేదు.

నిజానికి అది నా షాపు సిస్టమే. దాంట్లో రెండు విండోస్‌లు ఉన్నాయి. కొత్తదాంట్లో నేను ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాను. పాతదాంట్లో తనూజ పాత తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ నడుస్తుంది. ఆమె ఆరేళ్ల కిందట థీసిస్‌ను ఆ అక్షరాల్లో మొదలుపెట్టింది. కొత్తదాంట్లో తెరిస్తే కోడి గీరిన గీతలు వస్తాయి. అందుకని అప్పట్లో మెకానిక్ లేవి ఆ పాత విండోస్‌ను మొత్తంగా ఒకే ఒక్క పెద్ద ఫైల్‌లో కూర్చోబెట్టి, స్విచ్ వేయగానే ఏది కావాలని అడిగేట్టు చేశాడు. ఆ ఫైల్‌ను వర్చువల్ డిస్క్ అంటారట. డిస్క్ కాదు గానీ డిస్క్‌లా పని చేస్తుంది. పార్టీలో నా హోదా కూడా అదే.

తనూజ కాలేజీ నుంచి వచ్చేసరికి నేను సిస్టమ్ వేసి ఉంచుతాను. మా సంసారంలో ప్రేమకు ఇదొక గుర్తు. ఇవాళ వేసి, 'తనూజ' అన్నదాన్ని నొక్కితే నీలం తెర వచ్చింది. నాలుగు వరుసల ఇంగ్లీషు. నడుమ నా పేరు!

అదీ పాత పేరు. ఒకే ఒక్క యు.

 నిన్నంతా ఊరంతా తిరిగి మార్చుకొస్తే, ఈ పెట్టె మాత్రం పాత పేరే పట్టుకుని కూర్చుంది. మిగతా వరుసలు చదవలేదు. అలాంటివి ఎవరు చదువుతారు? ఫొటో తీసి హనుమేష్ గారికి పంపాను. వెంటనే ఫోన్ చేశారు.

"చూస్తిరా భూ...పేష్ గారూ" అన్నారు. రెండో యు వినబడాలని ఆయన నా పేరును సాగదీస్తారు. "పాత పేరు పోనంటాంది. మొండికేసింది. ఇప్పుడే మీరు గట్టిగా నిలబడాల. అమావాస్య దాకా కొత్త పేరు యాడా వెనక్కి తీసుకోగూడదు. తీసుకున్న్యారంటే పదవి ఆడికాడికే నిలబడిపోతాది."

ఇంతలో తనూజ వచ్చింది. తెర ఆర్పేశాను.

"ఏమైంది?" అంది.

"వైరస్" అన్నాను. "ముట్టుకోవద్దు. ముట్టుకుంటే ఉన్నది కూడా పోతాది."

ఏప్రిల్ 9, బుధవారం

లేవి వచ్చాడు. మా కర్నూలు రాజ్‌విహార్ దగ్గర 'లేవి సిస్టమ్స్' ఇతనిదే. లోకంలో ఎన్ని రోగాలున్నా లేవి దగ్గర మందు ఒక్కటే. ఫార్మాట్. పెళ్లాం అలిగి పుట్టింటికి పోయిందని చెప్పినా ఫార్మాట్ కొట్టమంటాడు.

నీలం తెర చూసి, పెట్టె ఓపెన్ చేసి, లోపల నుంచి ర్యామ్ ఊడబీకి, జేబులోంచి రబ్బరు తీసి రుద్ది, నోటితో ఊది మళ్లీ పెట్టాడు. అదే తెర.

"బూట్ పోయిందన్నా. ఫార్మాట్ కొట్టాల."

"తనూజ థీసిస్ ఉండాది గదరా దాంట్లో!"

"ఉండాది. ఫైల్ యాడికీ పోల్యా. గాని తెరుచుకోదు. ఇల్లుండాది, బీగంచెవి ఉండాది, ఇంటికి దారే తెలీడంలా దానికి."

"ఈ ఏర్పాటు చేసింది నువ్వే గదా? ఎట్ల చేసినావో గుర్తు లేదా?"

"ఆ కాలంలో చేసింది ఇప్పుడెట్ల గుర్తుంటాదన్నా? అప్పుడు నాకు పెండ్లి కూడా కాల్యా."

ఆలోచించి చెబుతానని రబ్బరు మర్చిపోయి వెళ్లాడు.

ఏప్రిల్ 10

పేరు రాశాను. రెండో యు దగ్గరికి వచ్చేసరికి సిరా ఎండిపోతోంది. ఎండలు అలా ఉన్నాయి.

ఏప్రిల్ 11, శుక్రవారం

మా పార్టీ నాయకుడు నరసింహన్న విమానంలో దిగాడు. హైవే మీద నుంచి ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు దాకా స్వాగతం ఫ్లెక్సీలన్నీ మనవే. రాళ్లగుట్టల మధ్య నరసింహన్న ముఖం నవ్వుతూ వరుసగా వస్తుంటే, ఆ రాళ్లకు కూడా పార్టీలో చేరాలనిపించి ఉంటుంది. ప్రతి ఫ్లెక్సీలో కింద కుడిమూలన నా ఫొటో, నా కొత్త పేరు, ఇంగ్లీషులో.

మా పార్టీలో పెద్దాయన పెద్ద ఈరన్న కళ్లద్దాలు పైకి లేపి చదివాడు. "ఏమప్పా భూపేషూ, ఫ్లెక్సీ అంగడి పెట్టుకుని నీ పేరే తప్పు కొట్టుకున్న్యావే? ఊరోళ్ల పేర్లు ఎట్ల కొడతాండావో ఏమో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాజయోగం వచ్చేముందు ఇలాంటివి ఉంటాయి.

నరసింహన్న కారెక్కబోతూ నా భుజం తట్టి, "ఏం భూపాలూ, బాగుండావా? జిల్లా కన్వీనర్ల లిస్టు ఈ నెల్లోనే" అన్నాడు. భూపాల్ అంటే భూపేష్‌కు దగ్గరే. ఆయన మనసులో నేనున్నాను. ఏ పేరుతో ఉన్నానన్నది చిన్న విషయం.

ఏప్రిల్ 13, ఆదివారం

ఇంట్లో పాత పేరు మిగలకూడదు కదా అని వంటింటి మీద పడ్డాను. స్టీలు సామాన్లలో నా అన్నం తట్ట ఒకటి ఉంది. దాని అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు: ఓబుళేశు.

నేనే. మా అమ్మ కృష్ణవేణమ్మ అహోబిలం మొక్కుకుంటే పుట్టానట. పదో తరగతిలో హెడ్‌మాస్టరు కాళ్లావేళ్లా పడి భూపేష్ అని మార్పించుకున్నాను. ఓబుళేశు అనే పేరుతో కాలేజీకి పోతే ఏ అమ్మాయి తిరిగి చూస్తుంది? మా అమ్మ మాత్రం ఆ మార్పును ఇప్పటికీ గుర్తించలేదు.

తట్ట అటక మీద పెడతానంటే అమ్మ గుంజుకుంది. "నువ్వు ఎన్ని పేర్లు పెట్టుకున్న్యా బువ్వ తినేది ఈ తట్టలోనే గదరా, ఓబుళేసూ" అంది.

తనూజ కాగితం, పెన్ను తెచ్చుకుని ఆ మాట రాసుకుంది. ఆమె థీసిస్ దీని గురించే. కర్నూలు, కడప జిల్లాల్లో మనుషుల పేర్లు. ఉరుకుంద దేవుడి మీద మొక్కుతో ఈరన్నలు ఎందరు పుట్టారు, కంబగిరి స్వామి పేరున కంబన్నలు ఏ ఊళ్లలో ఉన్నారు, చర్చి కట్టిన పల్లెలో మొదటి విశ్వాసమ్మ ఎవరు, ఇట్లాంటివి. ఇదొక చదువా అని నేను మొదట్లో నవ్వేవాణ్ని. ఇప్పుడు నవ్వడం తగ్గించాను, యూనివర్సిటీ వాళ్లు నవ్వడం లేదు కాబట్టి.

"అన్ని అధ్యాయాలకూ ప్రింట్లు ఉండాయి. ఆఖరిది మాత్రం లేదు" అంది. "ఆత్మకూరు పల్లెల్లో రెండెండాకాలాలు తిరిగి తెచ్చిన పేర్లు. నేను రాసుకున్న చిత్తుకాగితాలు కూడా టైప్ చేసినాక పారేస్తి. ఇప్పుడు మళ్లా పోతే ఆ ముసలోళ్లు కొందరు ఉండరప్పా."

లేవి చూసుకుంటాడులే అన్నాను. నాకు నిజంగానే బాధ వేసింది. బాధ వేసిందని ఇక్కడ రాస్తున్నాను కూడా.

ఏప్రిల్ 15, మంగళవారం

హైదరాబాద్ నుంచి ప్రింటర్ సామాను కొరియర్‌లో వచ్చింది. కొత్త పేరుతో తెప్పించాను. కొరియర్ అతను ఆధార్ కార్డు అడిగాడు. కార్డులో ఒక్క యు.

"ఈ పేరు మనిషి ఈడ లేడన్నా."

"నేనే అది."

"కార్డులో వేరే ఉండాది గదా. వాపసు పంపిస్తాండా."

"ఏమప్పా, షాపు అదే, వాకిలి అదే, మనిషి ఎదురుగ్గా నిలబడుకోనుండా. ఇంకేం గావాల?"

"నువ్వుండావు లేన్నా. నేనేం లేవనడంలా. నాకు ఇచ్చింది పేరు. ఆ పేరుకు పోతా. ఆ పేరు లేకుంటే లేనట్టే లెక్క" అని పార్శిలు బండి మీద వేసుకుని పోయాడు.

తిట్టుకుంటూ లోపలికి వచ్చాను. మూలన ఆ కంప్యూటర్ ఉంది. దాన్ని చూడగానే ఒక ఆలోచన వచ్చింది. డి డ్రైవ్. పెద్ద ఫోల్డర్.

కుండలో నీళ్లు రెండు గ్లాసులు తాగాను.

అది వేరు, ఇది వేరు. అతను మనిషి, పొగరుంటుంది. ఇది యంత్రం.

అది వేరు. ఇది వేరు.

ఏప్రిల్ 16, బుధవారం

వేరు కాదు.

నీలం తెర మీది నాలుగు వరుసలూ ఇవాళ మొదటిసారి చదివాను. ఫలానా ఫోల్డర్‌లో ఫలానా ఫైల్ కనబడలేదు అని మర్యాదగా రాసి ఉంది. ఆ ఫలానా ఫోల్డర్ నేను, ఒక యుతో. డి డ్రైవ్‌లో ఉన్నది కూడా నేనే, రెండు యులతో. అంతే రోగం. వైరస్ లేదు, మొండికేయడం లేదు. అది రోజూ పాత చిరునామాకు వెళ్లి, తలుపు తట్టి, వాపసు వస్తోంది.

ఒక్క అక్షరం చెరిపేస్తే సరిపోతుంది. మౌస్ దాని మీద పెట్టాను కూడా.

అప్పుడే ఫోన్ మోగింది. నరసింహన్న పీఏ. "లిస్టు తయారవుతాంది. నీ పేరు ఇంగ్లీషులో ఎట్ల రాస్తావు?" రెండు యులతో చెప్పాను. "రాసుకున్న్యా" అన్నాడు.

ఇన్నేళ్లలో పీఏ నాకు ఫోన్ చేయడం ఇదే మొదలు. అదీ సరిగ్గా నేను యు చెరపబోతున్నప్పుడు! చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇది సూచన కాకపోతే ఇంకేది సూచన?

ఫోల్డర్ జోలికి పోకుండా, స్విచ్ వేయగానే వచ్చే జాబితాలోనే కొత్త పేరు రాసుకునే ఉపాయం ఉందని నెట్‌లో చదివాను. నల్ల తెర తెరిచి ఏదో కొట్టాను. నీకు అనుమతి లేదంది. ఈ మాట పార్టీ ఆఫీసులో కూడా చాలాసార్లు విన్నాను.

కాబట్టి బాగా ఆలోచించి నిర్ణయించాను. అమావాస్య ఇరవై ఏడున. థీసిస్ ఇవ్వాల్సింది ముప్పైన. అమావాస్య వెళ్లిన మర్నాడే యు తీసేస్తాను. ఫైల్ ఏమన్నా పెరుగా, పులిసిపోవడానికి? తెలివైన ఆడమనిషికి మిగిలిన రోజులు చాలు.

ఫ్లెక్సీల పనికి ఒక ల్యాప్‌టాప్ అద్దెకు తెచ్చుకుని, సీపీయూను తీసి వెనక గదిలో ఫ్లెక్సీ రోల్స్ కింద పెట్టాను. హైదరాబాద్ పంపించానని తనూజతో చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదు. పైన కప్పిన రోల్స్ హైదరాబాద్‌వే.

ఏప్రిల్ 18

హైదరాబాద్‌లో ఏ షాపో కనుక్కుందామని తనూజ లేవికి ఫోన్ చేసింది. స్విచ్ ఆఫ్. గుడ్ ఫ్రైడే. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో ఒక మాట మీద చర్చిలో ఇతనే ప్రసంగం. ఆదివారం దాకా దొరకడు. నేను కూడా మనసులో దండం పెట్టుకున్నాను.

ఏప్రిల్ 21, సోమవారం

తనూజ గైడు మధులత మేడం ఫోన్ చేశారు. ఆమె శుక్రవారం నుంచి సెలవు. గురువారంలోగా ఆఖరి అధ్యాయంతో సహా మొత్తం చూపించకపోతే సంతకం పెట్టలేనన్నారు.

అమావాస్య ఆదివారం.

తనూజ షాపు మెట్ల మీద కూర్చుండిపోయింది. కాలేజీ బ్యాగు ఇంకా భుజానే ఉంది. ఎప్పుడూ ఏడ్చే మనిషి కాదు. ఇప్పుడు కూడా ఏడవలేదు. అదే నాకు కష్టమైంది.

"ఆరేండ్లప్పా" అంది. "డాక్టరని పెట్టుకోవాలని నాకేం షోకు ల్యా. ఆ పేర్లన్నీ ఒకచోట ఉండాలని నా ఆశ. ఒకాయన నన్ను చూసి ఏమన్న్యాడో తెల్సా? 'అమ్మా, నా పేరు రాసుకునేదానికి ఓట్లోళ్లు కానోళ్లు రావడం ఇదే మొదలు' అన్న్యాడు. ఆయనకేం జవాబు చెప్పేది నేను?"

నేను నోరు తెరిచాను. నిజం చెబుదామనే తెరిచాను. "హైదరాబాద్ వాళ్లను గట్టిగా అడుగుతాలే" అని వచ్చింది.

ఛీ.

ఏప్రిల్ 22, మంగళవారం

పొద్దున ఒక ఉపాయం తట్టింది. అనుకున్నప్పుడు చక్కగానే ఉంది. రాస్తుంటే చక్కగా లేదు. అయినా రాస్తాను, ఈ డైరీ చదివేది నేనొక్కణ్నే.

ఇప్పుడు యు తీస్తే, సిస్టమ్ లేస్తే, ఇన్నాళ్లూ ఎందుకు లేవలేదని తనూజ అడుగుతుంది. ఆమె అడిగితే నేను చెప్పేస్తాను. పదవీ పోతుంది, పరువూ పోతుంది. అదే ఫార్మాట్ కొట్టేస్తే? ఫోల్డర్ ఉండదు, పేరు ఉండదు, ప్రశ్నే ఉండదు. వైరస్ మింగేసింది. మేడం మంచిది, గడువు పెంచుతుంది. ఆత్మకూరుకు కావాలంటే నేనే బండి మీద తీసుకుపోతాను.

లేవిని పిలిచాను. రోల్స్ కింద నుంచి సీపీయూ లాగి, ఇద్దరం బల్ల మీద పెట్టాం.

"ఇన్నాళ్లకు మంచి మాట చెప్పినావన్నా" అన్నాడు లేవి. పెన్‌డ్రైవ్ పెట్టి అవీ ఇవీ నొక్కాడు. "ఈ పెద్ద ఫైలే సగం డ్రైవ్ మింగిండాది. ఇది పోతే సిస్టమ్ గుర్రం మాదిరి పోతాది." తెర మీద ప్రశ్న వచ్చింది. ఉన్నదంతా పోతుంది, సరేనా?

లేవి చెయ్యి తీసేశాడు. "నువ్వే కొట్టన్నా. రేపు వదిన అడిగితే నా మీదికి రాగూడదు."

వేలు ఎంటర్ మీద పెట్టాను. నొక్కలేదు. మనస్సాక్షి అడ్డొచ్చిందని రాసుకుందామని ఉంది. అడ్డొచ్చింది చెమట. వేలు తుడుచుకుందామని చొక్కాకు రుద్దుతున్నాను, అన్నం క్యారియర్‌తో తనూజ లోపలికి వచ్చింది.

బల్ల వైపు చూసింది. "హైదరాబాద్ నుంచి ఎప్పుడొచ్చింది?"

"హైదరాబాద్ ఏంది వదినా?" అన్నాడు లేవి. "ఈడే రోల్స్ కింద ఉండె."

మొన్న గుడ్ ఫ్రైడే ప్రసంగం చేసిన మనిషి, నాలుగు రోజులైనా అబద్ధం ఆడడు కాబోలు.

తనూజ క్యారియర్ కింద పెట్టింది. పెన్‌డ్రైవ్ లాగేయమంది. ఆపి, మళ్లీ వేయమంది. నీలం తెర వచ్చింది. క్లాసులో పాఠం చదివినట్టు నాలుగు వరుసలూ పైకి చదివింది. నా పేరు దగ్గర ఆగింది. వేలు పెట్టి అక్షరాలు ఒక్కొక్కటే తాకింది. మెల్లగా తల తిప్పి బయట బోర్డు వైపు చూసింది. ఇరుకున నిలబడ్డ రెండో యు అక్కడి నుంచి కూడా కనబడుతుంది.

"దీనికి కూడా యు పెట్టినావా?"

"అన్నిటికీ పెట్టమన్న్యాడు."

"ఎప్పుడు తెల్సింది నీకు, దీనివల్లనే అని?"

"ఇప్పుడే" అన్నాను.

ఆమె నన్ను చూసింది. లేవి ఫ్యాన్ చూశాడు. 

కుర్చీ లాక్కుని కూర్చుంది. కొత్త విండోస్‌లోకి పోయి, డి డ్రైవ్ తెరిచి, నా పేరు మీద ఒకే ఒక్క మీట నొక్కింది. మళ్లీ వేసింది. 'తనూజ' ఎంచుకుంది. తెర నల్లగా అయ్యి, చుక్కలు తిరిగి, పాత విండోస్ వచ్చింది. ఆఖరి అధ్యాయం తెరిచింది. ఓబులమ్మలు, కంబన్నలు, ఈరన్నలు, ఒక్కరూ చెదరకుండా ఉన్నారు.

"నేను అప్పుడే చెప్పల్యా, ఫార్మాట్ అక్కర్లేదని!" అన్నాడు లేవి.

అతను వెళ్లాక తనూజ తెర వైపు చూస్తూనే మాట్లాడింది. "మొదటి రోజే చెప్పింటే పడీపడీ నవ్వుకునేదాన్ని. నీతో కలిసి నవ్వేదాన్ని. ఇప్పుడు నాకు నవ్వు రాల్యా."

క్యారియర్ విప్పుకుని ఒక్కణ్నే తిన్నాను. అమ్మ ఆ తట్టనే పంపింది.

ఏప్రిల్ 24, గురువారం

తనూజ ప్రింట్లు తీసుకుని కడప బస్సెక్కింది. అద్దె కారులో దింపుతానన్నాను. బస్సుంది అంది.

మధ్యాహ్నం లిస్టు వచ్చింది. జిల్లా కన్వీనర్ శివన్న. శివన్నకు ఫ్లెక్సీ కూడా నేనే కొట్టాలి.

హనుమేష్ గారికి ఫోన్ చేశాను. "అమావాస్య కాకముందే యాడో ఒక యు తీసేసింటారు" అన్నారు.

"ఒక్క ఫోల్డర్‌లో. అదీ మా ఆవిడ తీసింది."

"చాలు. ఒక్క చిల్లు చాలు" అన్నారు. ఆయన గొంతులో బాధ కంటే తృప్తి ఎక్కువ వినబడింది.

పీఏకు కూడా చేశాను. ఊరుకుని ఉంటే బాగుండేది. "నీ పేరు ఉండెనప్పా" అన్నాడు. "నరసింహన్నే రాయించినాడు. గాని సభ్యత్వం పుస్తకంలో ఒక యు, మా లిస్టులో రెండు యులు. ఆ పేరు మనిషి పార్టీలో లేడని పైనుంచి వాపసు కొట్టినారు. మేమేం జేసేది?"

ఇది ఇంకెవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు. లేవి అయితే నన్ను కూడా ఫార్మాట్ కొట్టమంటాడు.

ఏప్రిల్ 27, ఆదివారం. అమావాస్య

ఇవాళ పేరు రాయలేదు.

బోర్డు మీది యు పీకించాను. జిగురు మచ్చ ఉండిపోయింది. దూరం నుంచి చూస్తే ఇంకా యులాగే ఉంది.

తనూజ అవసరమైన మాటలు మాట్లాడుతోంది. ఉప్పు, కరెంటు బిల్లు, అమ్మ మాత్రలు. సాయంత్రం మాత్రం వచ్చి ఎదురుగా కూర్చుంది. కాలేజీలో పిల్లల దగ్గర కూర్చున్నట్టు.

"మేడం ఆఖరి అధ్యాయం చదివినారు. సెలవు పెట్టేముందే సంతకం పెట్టి ఇచ్చినారు. ఈ కాలంలో పేర్లు మార్చుకునేదానికి ఒక ఉదాహరణ చేర్చమన్న్యారు. నీది వేసుకుంటా. నీ అనుమతి గావాల. పేరు దాచమంటే దాస్తా."

కన్వీనర్ లిస్టులో లేకపోయినా ఒక పుస్తకంలో ఉంటాను. యూనివర్సిటీ లైబ్రరీలో, గాజు బీరువాలో. "దాచొద్దు" అన్నాను. "నిక్షేపంగా వేసుకో. స్పెల్లింగ్ మాత్రం రెండు యులతో వెయ్యి, లేకుంటే ఎవరికీ అర్థం కాదు."

"తెలుగు శాఖప్పా. మొత్తం తెలుగులోనే ఉండాల."

సరే అన్నాను. అప్పుడు నాకు తట్టలేదు.

ఏప్రిల్ 28, సోమవారం

ఆ పేజీ ప్రింటు తీసి, చూసుకోమని నా ముందు పెట్టి కాలేజీకి పోయింది. ఇలా ఉంది:

'ఉదాహరణ: కర్నూలులో ఫ్లెక్సీ వ్యాపారి. అహోబిలం మొక్కు వల్ల పెట్టిన పేరు ఓబుళేశు. పదో తరగతిలో ఓబుళేశు అనే పేరును భూపేష్‌గా మార్చుకున్నారు. ఇటీవల సంఖ్యాశాస్త్రం ప్రకారం భూపేష్ అనే పేరును భూపేష్‌గా మార్చుకున్నారు. ఆ తరువాత భూపేష్ అనే పేరును మళ్లీ భూపేష్‌గా మార్చుకున్నారు. తల్లి నేటికీ ఓబుళేశు అనే పిలుస్తారు.'

అమ్మ చదివి పెట్టమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. చదివాను.

"ఏం మారిందిరా, ఓబుళేసూ?" అంది.

ఆకుపచ్చ పెన్ను మూత తీశాను. తప్పు ఎక్కడుందో దిద్ది ఇద్దామని ఆ పేజీని మొదటి నుంచి చివరిదాకా అక్షరం అక్షరం చూశాను.

తప్పేమీ లేదు.